కారం అంటని రొట్టె

దేవుని రాజ్యం అంటే ఏమిటని మొన్న మా స్త్రీల కూడికలో ఒక కుర్ర బోధకుడు అడిగాడు. ముప్పై మంది ఆడవాళ్లం ఉన్నాం. ఒకావిడ ఆకాశం వైపు వేలు చూపించింది. ఇంకొకావిడ చచ్చాక వెళ్లే చోటు అంది. మరొకావిడ బంగారు వీధులూ ముత్యాల గుమ్మాలూ వర్ణించింది. అతను ప్రతి జవాబుకీ తల ఊపుతూ బాగా చెప్పారమ్మా, బాగా చెప్పారమ్మా అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, "చచ్చాక సంగతి నాకు తెలీదు బాబూ. బతికుండగానే నేనొకసారి చూశాను. మేమే దాన్ని వెళ్లగొట్టాం," అనేసి చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. పెద్దావిడకి చాదస్తం ముదిరిందని వెనక ఎవరో అన్నారు. చాదస్తం ముదిరిందో లేదో గానీ కోపం మాత్రం యాభై ఏళ్లు దాటినా చల్లారలేదు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో ఇప్పుడు రాస్తాను.

మాది పర్చూరుకీ చీరాలకీ మధ్య నల్లరేగడిలో ఉన్న ఊరు. ఊరు అంటే మేముండేది ఊళ్లో కాదు. అంటరానివాళ్లమని ఊరి బయట పెట్టిన గూడెంలో. తాతల కాలంలోనే మా గూడెమంతా క్రీస్తు మతంలో కలిసింది. మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న గుడి ఉండేది మాకు. చుట్టుపక్కల ప్రత్తి, మిరప, కొంచెం పొగాకు. ఆ చేలన్నీ ఊరి ఆసాములవి, వాటిలో వంగిన నడుములు మావి. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ కూలికి వెళ్లి నన్ను పెంచింది, చదివించింది. అమ్మకి అక్షరం రాదు. కానీ నెలకొకసారి ఆ గూడెం మొత్తంలో ఆమె తప్ప ఇంకెవరూ చేయని పని ఒకటి ఆమె చేతిలో ఉండేది.

నెలలో మొదటి ఆదివారాన్ని మేము బల్ల ఆదివారం అనేవాళ్లం. ఆ రోజు పాస్టరు అయ్యగారు పట్నం నుంచి సైకిలు మీద వచ్చి రొట్టె విరిచి, ద్రాక్షరసం పోసి, ప్రభువు శరీరమని, రక్తమని మాకు పంచేవారు. ఆ రొట్టె చేసేది మా అమ్మ. గోధుమపిండి మా గూడెంలో ఎవరి పొయ్యి మీదికీ వచ్చేది కాదు, బల్ల కోసమే గుడి తరఫున కొనేవాళ్లు. అమ్మ ఆ పిండిని శనివారం సాయంత్రం కలిపి, పెనం మీద రెండు పెద్ద రొట్టెలు కాల్చి, తెల్ల గుడ్డలో చుట్టేది. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టేది. చూడటానికి ఇంతే పని.

అసలు పని గురువారం మొదలయ్యేది. మిరప కోసే చేతులెలా ఉంటాయో కోసినవాళ్లకే తెలుసు. రోజంతా కాయలు కోస్తే వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి ఘాటు ఎక్కుతుంది. నీళ్లతో కడిగితే పోదు, ఇంకా పాకుతుంది. ఆముదం రాసి, బూడిదతో తోమి, పుల్లటి మజ్జిగలో నానబెట్టినా రెండు మూడు రోజులు దాని గుణం వదలదు. మా గూడెం తల్లులు ఆ రోజుల్లో పసిపిల్లల మొహం కడగటానికి ముసలమ్మలని పిలిచేవాళ్లు. అందుకని అమ్మ బల్ల ఆదివారానికి ముందు మూడు రోజులు మిరప ముట్టేది కాదు. ప్రత్తి తీతకి పిలిస్తే వెళ్లేది, పిలవకపోతే ఇంట్లో ఉండేది. మిరప ముమ్మరంగా పండే మాఘంలో, ఫాల్గుణంలో ఆ మూడు రోజులూ మేము గంజితో సరిపెట్టుకునేవాళ్లం. చేలో మేస్త్రీ నవ్వేవాడు, నీ దేవుడికి కారం పడదా ఏమే అని. అమ్మ కూడా నవ్వేది. నేను పదమూడో ఏట ఒకసారి అడిగాను, ఎందుకమ్మా ఇంత అవస్థ, ఎవరైనా చెప్పారా నీకు అని. ఎవరూ చెప్పలేదంది. నోట్లో పెట్టుకున్న వాళ్లకి మన చేలో మంట గుర్తుకు రాకూడదు, ఆ ఒక్క ముక్కలోనైనా, అంది.

దేవుని రాజ్యం గురించి ప్రభువు చెప్పిన కథలన్నీ అమ్మకి నోటికి వచ్చు. చదివి పెట్టేది నేనే. ఆవగింజ కథ, వల కథ, ముత్యం కథ. ఒక ఆడది పిండిలో పులిసిన ముద్ద కలిపితే పిండంతా పులిసిందనీ, రాజ్యం అలాంటిదనీ ఆయన చెప్పిన చోట అమ్మ నన్ను ఆపి మళ్లీ చదవమనేది. రాజుల్నీ సైన్యాల్నీ వదిలేసి పిండి పిసికే ఆడదాన్ని పట్టుకున్నాడు చూడవే, అని మురిసిపోయేది. అన్నిటికంటే ఎక్కువ ఇష్టం విందు కథ. ఒకాయన పెద్ద విందు చేసి అందర్నీ పిలిస్తే, ఒకడు పొలం కొన్నాను రాలేనన్నాడు, ఒకడు అయిదు జతల ఎడ్లు కొన్నాను రాలేనన్నాడు, ఒకడు పెళ్లయిందన్నాడు. అప్పుడాయన సందుల్లో ఉన్న బీదవాళ్లనీ కుంటివాళ్లనీ తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఈ కథ చదివితే మా గూడెమంతా పగలబడి నవ్వేది. పొలమూ ఎడ్లూ సాకు చెప్పే మనుషులు మాకు రోజూ కనిపించేవాళ్లే.

"మనకి పొలమూ లేదు, ఎడ్లూ లేవు. చెప్పటానికి సాకన్నా లేదు. పిలిస్తే పోవటమేగా," అనేది అమ్మ.

రాజ్యం అంటే అమ్మకి తెలిసింది అదే. పిలుపొచ్చిన వాళ్లంతా ఒకే పళ్లెంలోంచి తినటం. చేరినవాళ్లలో ముందెవరు, వెనకెవరు అని లేకపోవటం. ఆ తర్వాత నేను పెద్ద చదువులు చదివాను, పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను. రాజ్యం మీద గంటన్నర మాట్లాడి ఈ ఒక్క మాట దగ్గరికి రాకుండా తప్పించుకుపోయిన వాళ్లని చాలామందిని చూశాను.

నాకు పదిహేడో ఏడు నడుస్తున్నప్పుడు, అంటే యాభైల చివర్లో, మా ఊరి ఆసామి ఒకాయన కుటుంబంతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అమ్మ కూలికి వెళ్లే మిరప తోట ఆయనదే. ఆయన భార్యకి మూడేళ్లుగా ఏదో జబ్బు. మందులు వాడి విసిగిపోయి మా అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుంటే నెమ్మదించిందట. కాలువలో బాప్తిస్మం జరిగిన రోజు మా గూడెం పండగ చేసుకుంది. ఊళ్లోంచి ఒకిల్లు మన గుడికి రావటమంటే మాటలా అని మా పెద్దలు మీసాలు సవరించుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కూలివాళ్ల మీద చెయ్యి ఎత్తగా నేను చూడలేదు. పండక్కి పాత బట్టలు ఇచ్చేవాడు. కాకపోతే మా గుమ్మం తొక్కాల్సిన అవసరం ఆయనకి పుట్టినప్పటి నుంచీ రాలేదు.

ఆదివారం గుడికి వచ్చారు. మేమంతా ఈత చాపల మీద. వాళ్లకి ముందు వరసలో కుర్చీలు. కుర్చీలు ఆయన అడగలేదు, మావాళ్లే పరిగెత్తి తెచ్చి వేశారు. అది చూసి నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే నేనే ఒక కుర్చీ కొంగుతో తుడిచాను.

బల్ల ఆదివారం దగ్గరపడింది. గురువారం అమ్మ చేతులకి ఆముదం రాసుకుంటుంటే అయ్యగారు సైకిలు దిగి మా వసారాలోకి వచ్చారు. ఈసారి రొట్టె ఆసామి గారి ఇంటి నుంచి వస్తుందని చెప్పారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు, గూడెంలో చేసింది తినటానికి వాళ్లకింకా మనసొప్పటం లేదు, బలహీనుల్ని మనమే మోయాలి, వీళ్లు నిలబడితే ఊళ్లోంచి ఇంకో నాలుగిళ్లు వస్తాయి, రాజ్యం విస్తరిస్తుంది, అని నెమ్మదిగా, చాలా ప్రేమగా వివరించారు. ఆ ప్రేమ తలుచుకుంటే నాకిప్పటికీ పళ్లు పటపటలాడతాయి. పొలాలూ ఎడ్లూ ఉన్నవాళ్లు ఇన్నాళ్లకి విందుకి వస్తున్నారు గనక, సందుల్లోంచి వచ్చినవాళ్లు కాస్త జరగాలట. మేము వాళ్లింట్లో చేసింది తినటానికి అభ్యంతరం ఎవరికీ లేదు, ఎప్పుడూ తింటున్నదే కదా. వాళ్లు మాది తినటం దగ్గరే ఆ రాజ్యానికి గట్టు అడ్డం వచ్చింది.

అమ్మ, మీ ఇష్టం అయ్యగారూ అంది. ఆముదం గిన్నె మీద మూత పెట్టింది. మర్నాడు మిరప కోతకి వెళ్లిపోయింది.

మా గూడెం పెద్దలు ఒక్కరంటే ఒక్కరు, ఇదేం పద్ధతండీ అని అడగలేదు. సంఘంలో పెద్దవాడైన మా మేనమామ, పోన్లేవే, నీకు పని తగ్గిందిగా అన్నాడు. ఇరవై ఏళ్లుగా అమ్మ చేతి రొట్టె తిన్న నోరది. నేనేమైనా తక్కువా? ఎస్సెల్సీ పాసై పంతులమ్మ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకున్నాను. మిషను ట్రైనింగు స్కూల్లో సీటు రావాలంటే అయ్యగారు ఉత్తరం రాసివ్వాలి. ఆయనకి ఎదురు చెప్పి చెడగొట్టకు అని అమ్మకి రెండుసార్లు చెప్పాను. ఆమె అసలు నోరెత్తకపోయినా చెప్పాను.

ఆ ఆదివారం వచ్చిన రొట్టె చూడటానికి చాలా బాగుంది. ఆసామి భార్య స్వయంగా చేసిందట. వెండి పళ్లెంలో పెట్టి, పట్టు జాకెట్టు గుడ్డ కప్పి తెచ్చింది. ఆమె ముందురోజు ఉపవాసం ఉండి మరీ చేసిందని తర్వాత తెలిసింది. అయ్యగారు విరిచి, ప్రార్థించి, తలా ఒక ముక్క పంచారు. అందరం ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాం.

ముందు మా మేనమామ దగ్గాడు. తర్వాత ముసలమ్మలు ఒకరి వెంట ఒకరు. నా నాలుక చివర మొదలైన మంట గొంతు దాకా పాకింది. ద్రాక్షరసం ఒక్క గుక్క మింగితే మంట తగ్గకపోగా పుండు మీద నిమ్మకాయ పిండినట్టయింది. కుర్చీల్లో ఆసామీ ఆయన కొడుకులూ మొహాలు ఎర్రగా పెట్టుకుని కక్కలేక మింగలేక కూర్చున్నారు. అయ్యగారి కళ్లలోంచి ధారలు. ఆయన ఆ కళ్లు తుడుచుకుంటూ ప్రభువు శ్రమలు తలుచుకుందాం అన్నారు. గుడంతా ఏడుస్తూనే పాట అందుకుంది. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. అమ్మ వైపు చూస్తే ఆమె నవ్వటం లేదు. కుర్చీలో తల వంచుకుని కూర్చున్న ఆ ఆసామి భార్య వైపు చూస్తోంది.

మిరప పండించే ఇంట్లో వచ్చే ఏటికి విత్తనం తీసే పని కూలివాళ్లకి ఇవ్వరు. ఎంచిన కాయల్ని ఎండబెట్టి, ఇంటావిడే కూర్చుని, ఒక్కొక్క కాయా చీల్చి గింజలు దులుపుతుంది. కోతకంటే పదింతల ఘాటు ఆ పని. ఆసామి భార్య శుక్రవారమంతా ఆ పని చేసింది. శనివారం తలంటు పోసుకుని, చేతులు శుభ్రంగా నీళ్లతో కడుక్కుని, భక్తిగా పిండి కలిపింది. కారం నీళ్లకి పోదని ఆమెకి తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక? ఆ ఇంట్లో వంట చేసే మనిషి వేరే ఉంది. పిండిలో చెయ్యి పెట్టటం ఆమెకదే మొదలు.

సోమవారం మిట్టమధ్యాహ్నం మగవాళ్లంతా చేలల్లో ఉన్న వేళ ఆమె డొంకదారిన మా గూడేనికి వచ్చింది. మా దడి బయట ఎండలో నిలబడింది. ఆ రోజు అమ్మకి జ్వరంగా ఉండి ఇంట్లోనే ఉంది. బయటికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడితే, ఆమె, రొట్టె నువ్వెట్లా చేస్తావు అని అడిగింది. అమ్మ చెప్పింది. గురువారం నుంచి మిరప ముట్టకపోవటం, ఆముదం, బూడిద, మజ్జిగ, అన్నీ. మూడు రోజులు పని మానుకుంటావా అని ఆమె అడిగింది. ఇన్నేళ్లూ, ప్రతి నెలా? అవునమ్మా అంది అమ్మ. మా తోటలో కోత వదులుకునా? అవునమ్మా. ఆమె పెదవులు బిగబట్టుకుంది. మూడు రోజులు గంజితో ఉండి ఎవరో తన కోసం కూడా ఏదో చేస్తారని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు.

తర్వాత అసలు కబురు చెప్పింది. ఆసామి ఒక ఉపాయం ఆలోచించాడట. అమ్మ వచ్చి వాళ్ల గొడ్లచావిడిలో కూర్చుని రొట్టె చెయ్యాలి. అది వాళ్లింట్లో చేసిందనే గుడికి వెళ్తుంది. ఎవరికీ చెప్పొద్దు. అలా అయితే అందరికీ సరిపోతుంది.

లోపల తలుపు చాటున ఉన్న నేను బయటికొచ్చి వెనక నుంచి అమ్మ కొంగు పట్టి లాగాను. ఒప్పుకో అన్నాను గుసగుసగా. నా సీటు, నా ఉత్తరం, నా గొడవ నాది. అమ్మ నా చెయ్యి విదిలించుకుంది.

"పేరు నాకొద్దమ్మా. ఎవరు చేశారంటే నాకేంది," అంది ఆమెతో. "కానీ గొడ్లచావిట్లో దొంగచాటుగా చేసింది తెచ్చి ఇది ఆయన శరీరమని ఎట్టా పెడతారు? తిన్నోళ్లకి పాపం చుట్టుకోదూ? మీరే రండి లోపలికి. మూడు రోజులు గింజలు ముట్టబాకండి. ఇద్దరం కలిపి చేద్దాం."

ఆమె మా చూరు కేసి చూసింది. వంగితే తప్ప లోపలికి రాలేని చూరు అది. వస్తాననలేదు, రాననలేదు. వచ్చిన డొంకదారినే వెళ్లిపోయింది. నేను అమ్మ మీద అరిచాను. ఆసామి తోటలో కూలి పోతుంది, నా చదువు పోతుంది, నీ మొండితనానికి ఇద్దరం అడుక్కు తినాలి అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవన్నీ రాయటానికి నాకు సిగ్గు.

నెల గడిచింది. మళ్లీ బల్ల ఆదివారానికి ముందటి శనివారం, పొద్దు వాలుతుండగా, ఆమె పిండి మూట చంకన పెట్టుకుని వచ్చింది. దడి దగ్గర ఆగలేదు. తల వంచి, చూరు కింద నుంచి దూరి, మా ఇంట్లోకి వచ్చింది. రెండు చేతులూ చాచి అమ్మకి చూపించింది. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. ఆముదం వాసన వస్తోంది. అమ్మ ఆ చేతుల్ని పట్టుకుని వాసన చూసింది, వేళ్ల సందులు వెతికింది. ఊళ్లో ఆసామి భార్య చేతుల్ని మా అమ్మ పట్టుకోవటం నేను చూశాను.

ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకే బేసిన్లో పిండి పిసికారు. నేను మూల కూర్చుని ద్రాక్ష పిసుకుతున్నాను. దేవుడి గురించి ఒక్క మాట అనుకోలేదు వాళ్లు. అమ్మ మోకాలి నొప్పికి ఆమె ఏదో ఆకు చెప్పింది. ఆమె చిన్నకొడుకు అన్నం సరిగ్గా తినడంటే అమ్మ నవ్వింది. మధ్యలో ఆమెకి దాహం వేస్తే నేను లేచి నిలబడ్డాను గానీ ఎందులో ఇవ్వాలో తోచలేదు. మా చెంబు అక్కడే ఉంది. ఆమే వంగి కుండలో ముంచుకుని తాగింది. పిండి ముద్దలో నాలుగు చేతులు కదులుతుంటే ఏ చెయ్యి ఎవరిదో కాసేపు నాకు తెలియలేదు.

ఇదే నేను చూసిన రాజ్యం. ఆకాశంలో కాదు, పెంట దిబ్బ పక్కనున్న మా తాటాకు ఇంట్లో. ఏ బూర ఊదకుండా, ఎవరికీ కనిపించకుండా వచ్చింది. అలాగే వస్తుందని ప్రభువు చెప్పనే చెప్పాడు. వచ్చినప్పుడు గుర్తుపట్టటానికి మాకు కళ్లు లేవు.

ఆదివారం అయ్యగారు బల్ల మీద గుడ్డ తీసి, రొట్టె పంపిన ఆసామి గారి ఇంటిని ప్రభువు దీవించును గాక అన్నారు. ఆమె కుర్చీలోంచి లేచింది. గుడిలో ఆమె గొంతు అప్పటిదాకా ఎవరూ వినలేదు.

"మా ఇంట్లో చేసింది కాదండీ. ఆమె ఇంట్లో, ఇద్దరం కలిసి చేశాం," అంది, అమ్మని చూపిస్తూ.

ఆసామి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. భార్యని ఒక్క చూపు చూసి బయటికి నడిచాడు. కొడుకులు వెనకే వెళ్లారు. ఆమె వెళ్లలేదు. కుర్చీ వదిలి వచ్చి ఆడవాళ్లలో, చాప మీద, అమ్మ పక్కన కూర్చుంది. అయ్యగారి చేతిలో రొట్టె చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి విరిచారు. ఆమె తింది, మేమంతా తిన్నాం. కారం లేదు.

ఆ వారంలోనే ఆమెని పుట్టింటికి పంపించేశారు. ఆసామి మళ్లీ గుడి మొహం చూడలేదు. వస్తామన్న మిగతా ఇళ్లవాళ్లు గూడెం వాళ్ల గర్వం చూశారా అన్నారు. మా మేనమామ అమ్మతో మాట్లాడటం మానేశాడు. ఆ తోటలో అమ్మకి పని పోయింది, రోజూ రెండు మైళ్లు నడిచి పక్క ఊరి చేలకి వెళ్లాల్సి వచ్చింది. కొన్ని నెలలకి ఆసామి భార్య తిరిగి కాపురానికి వచ్చింది గానీ గూడెం దారిలో ఎప్పుడూ కనిపించలేదు.

ఆమెని పంపేసిన తర్వాతి నెల అయ్యగారు మా వసారాలో కూర్చున్నారు. నా ట్రైనింగు సీటుకి రాసిన ఉత్తరం ఆయన చొక్కా జేబులో ఉంది, మడత పైకి కనిపిస్తోంది.

"ఒకిల్లు రాజ్యంలోకి వస్తుంటే అడ్డం పడ్డావమ్మా నువ్వు," అన్నారు అమ్మతో. "ఆ ఆత్మల లెక్క రేపు దేవుడు నిన్ను అడుగుతాడు."

అమ్మ తల మీద ముసుగు వేసుకుని నేల మీద కూర్చుంది. అక్షరం రాని మనిషి. ఇరవై ఏళ్లు ఆ గుడికి తన చేతులు అప్పజెప్పిన మనిషి. తప్పయిపోయింది అయ్యగారూ అంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ తప్పు అమ్మది కాదని ఆ వసారాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పిండిలో నాలుగు చేతుల్ని చూసింది నేనే. నేను నోరు విప్పలేదు. ఆ జేబు వంకే చూస్తూ నిలబడ్డాను. ఉత్తరం ఇచ్చారు, నమస్కారం పెట్టి తీసుకున్నాను. ఆ ఉత్తరంతోనే చదివాను, ఆ చదువుతోనే ముప్పై ఏళ్లు జీతం తిన్నాను. ఆసామి మీద, అయ్యగారి మీద, మా మేనమామ మీద నాకున్న కోపమంతా ఒక ఎత్తు, గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల మీద కోపం ఒక ఎత్తు.

ఆ తర్వాత బల్ల రొట్టె చీరాలలో ఒక దుకాణం నుంచి కాగితంలో చుట్టి రావటం మొదలైంది. అమ్మని మళ్లీ ఎవరూ చెయ్యమనలేదు. నాకు ఒంగోలు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చాక రమ్మంటే రానంది. కూలి మానుకోమంటే మానుకోనంది.

చాలా ఏళ్ల తర్వాత, అరవైలు అయిపోతున్న రోజుల్లో, ఒక మాఘమాసంలో సెలవు పెట్టి వెళ్లాను. శుక్రవారం. గూడెమంతా మిరప కోతకి వెళ్లింది. అమ్మ ఒక్కతే వసారాలో కూర్చుని ఉంది. కూలికి వెళ్లలేదేమని అడిగితే, ఎల్లుండి బల్ల గదే అంది. అప్పుడు చూశాను. పక్కన ఆముదం గిన్నె ఉంది, మజ్జిగ దుత్త ఉంది. వేళ్ల సందుల్లో బూడిద ఉంది. పదేళ్లుగా, రొట్టె చెయ్యమని ఎవరూ అడగని చేతుల్ని, ప్రతి నెలా మూడు రోజులు కూలి మానుకుని ఆమె శుభ్రం చేసుకుంటోంది. పక్కింటావిడని అడిగితే, ఒక్క నెల కూడా తప్పలేదంది.

నాకు కోపం ఆగలేదు. పట్నం నుంచి కాగితంలో చుట్టి వస్తోందిగా, ఇంకా నీ చేతులు ఎవరిక్కావాలే అని అరిచాను. అమ్మ మజ్జిగలో ముంచిన చేతులు పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పిలుస్తారేమోనే," అంది.